నాలుగు వందల పన్నెండు ముగ్గులు, ఒక మూడు

ముందు పోయినవాటి పట్టీ చదువుతాను. ఎలా పోయాయో తర్వాత చెబుతాను.

ముగ్గులు: నాలుగు వందల పన్నెండు. ఆ ముగ్గుల్లో ఉన్న చుక్కలు: నలభై ఒక వెయ్యి రెండు వందల పదహారు. మినపవడలు: ముప్పై ఆరు. ఇవి పోయాయనకూడదు, నా పరువు పోతుంటే చూడ్డానికి వచ్చినవాళ్లు తిని పోయారు. మా వీధిలో నాకున్న మంచి పేరు: ఒకటే ఉండేది, అదీ పోయింది. మా ఆవిడకు నా మీదున్న నమ్మకం: దీన్ని దేనితో కొలవాలో నాకు తెలియదు, కాబట్టి ఒకటి అని వేసుకున్నాను.

ఇంత నష్టానికీ కారణం వాన కాదు, ఎలక కాదు, దొంగ అసలే కాదు. ఒకే ఒక అంకె. దాన్ని వేసింది నా కుడిచేతి చూపుడువేలు. ఆ వేలు ఇప్పటికీ నాతోనే ఉంది, ఏం చేస్తాం.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాదు. పదో తరగతి అయ్యాక మా ఊరు, తమిళనాడులోని రాజపాళయంలోనే ఆసుపత్రుల కట్టుగుడ్డ నేసే షెడ్డులో చేరాను. ఇంత బరువు నూలుకు ఎంత గుడ్డ వస్తుందో, గుడ్డ ఎంత తరిగితే నూలు ఎక్కడ పోయినట్టో, అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కనిపించిందల్లా లెక్కపెడతాడు. సేత్తూరు బస్సులో సీట్లు, పెళ్లి విందులో అప్పడాలు, గుడి మెట్లు, ఎదుటివాడు మాట్లాడుతుంటే అతని చొక్కా గుండీలు. మా వీధిలో నన్ను "కణక్కు మామ" అంటారు. కణక్కు అంటే అరవంలో లెక్క.

మా ఆవిడ జానకికి లెక్కలంటే పడదు. ఆమెది చెయ్యి. తెల్లారుజామున వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, వంగి ముగ్గు వేస్తుంటే పిండి ఆమె వేళ్ల సందునుంచి దారంలా జారుతుంది. ఆమెకో పట్టుదల ఉంది: ఒకసారి వేసిన ముగ్గు మళ్లీ వెయ్యదు. నాకూ ఒక పట్టుదల ఉంది: వేసిన ప్రతి ముగ్గునూ, పాలవాడి సైకిలు తొక్కెయ్యకముందే, ఫోటో తీసి నోటుబుక్కులో చుక్కల లెక్క రాసుకుంటాను. అలా పద్నాలుగు నెలలు గడిచాయి. నాలుగు వందల ఇరవై ఐదు రోజులు. అందులో జ్వరానికి, అంటుకు, మంసాపురంలో చుట్టాలింటికి పోయినప్పటికి కలిపి పదమూడు తీసెయ్యండి. నాలుగు వందల పన్నెండు.

ఇది రెండేళ్ల కిందటి మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం. ఊళ్లో ముగ్గులకు అది పరీక్షల కాలం లాంటిది. ఒక శుక్రవారం పొద్దున ఎదురింటి సుబ్బుతాయక్క మా వాకిట్లో నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ముగ్గును ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది.

"ఏం జానకీ, ఇది ఐప్పసి నెలలో వేసిందే గదా?"

"కాదక్కా. ఇది కొత్తది."

"దీపావళి వారంలో చూసినాను. ఇదే తామర, ఇదే చుట్టు. నా కండ్లేం పోలేదు."

"నేను వేసింది మళ్లీ వెయ్యనక్కా. ఎన్ని తూర్లు చెప్పినాను!"

"చెప్పేదానికేం, అందరం చెప్తాం. రుజువు ఉండాదా?"

జానకి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అంత గర్వంగా నన్ను చూడడం అదే మొదటిసారి.

"మా ఇంటాయన దగ్గర అన్నీ ఉండాయి. ఒక్కటి పోకుండా ఫోటో తీసినారు. ఆదివారం నాలుగు గంటలకి రండి. వీధిలో వాళ్లందరినీ పిల్చుకుని రండి. టీవీలో చూపిస్తాం."

"వడలు వేస్తావా?"

"వేస్తాను."

"అయితే వస్తాం," అంది సుబ్బుతాయక్క.

ఇప్పుడు టీవీ సంగతి చెప్పాలి. మా షెడ్డులో ఏ మగ్గం ఎన్ని మీటర్లు నేసిందో లెక్కపెట్టడానికి అరచేతంత కంప్యూటర్ ఒకటి బిగించారు. దానికి పెట్టె లేదు, తెర లేదు. ఒకే ఒక ఆకుపచ్చ బోర్డు, అప్పడం మీద మిరియాలు చల్లినట్టుంటుంది. నా పని లాక్కునే వస్తువును చూసి నేను కుళ్లుకోవాలి. నాకేమో దాని మీద ప్రేమ పుట్టింది. అలాంటిదే ఒకటి కొని ఇంట్లో టీవీకి తగిలించాను. బోర్డును నడిపే కార్డు వేరు; నా ఫోన్లోంచి తీసేసిన జానకి ముగ్గులన్నీ దాని పక్కన గుచ్చిన, వేలిగోరంత ఇంకో మెమరీ కార్డులో ఉండేవి.

కార్డు నాలుగు వందల ముగ్గులు దాటేసరికి ఆయాసపడడం మొదలుపెట్టింది. ఒక ముగ్గు తెర మీదికి వచ్చేలోపు జానకి ఇంకో ముగ్గు వేసెయ్యగలదు. ఆదివారం వీధి ఆడవాళ్ల ముందు అలా నత్తనడక నడిస్తే ఎలా? అందుకని బోర్డు మీద తగిలించుకునే ఫ్లాష్ నిల్వ ఒకటి అంతకుముందే తెప్పించి ఉంచాను. మిద్దె మీద ఇంకో గది వేసుకున్నట్టు అది బోర్డు నెత్తిన కూర్చుంటుంది. చోటు ఎక్కువ, వేగమూ ఎక్కువ.

చిక్కేమిటంటే, తన నెత్తిన ఎవరు కూర్చున్నారో బోర్డుకు తెలియదు. మనం చెప్పాలి. సెట్టింగుల ఫైలు అని ఒకటుంటుంది. అందులో ఒక లైను ఉంటేనే బోర్డు తల పైకెత్తి చూస్తుంది. లేకపోతే ఆ నిల్వ మా ఇంటి అటక మీది ఇత్తడి గంగాళంలాగా ఉన్నా లేనట్టే.

శనివారం మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి, భోంచేసి, నిల్వను బిగించి, మా పెద్దనాన్న కొడుకు పెరుమాళ్లన్నకు ఫోన్ చేశాను. ఆయన మదురైలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టి ముప్పై ఏళ్లయింది. ఆ సమయానికి ఆయన టౌన్ బస్సులో నిలబడి ఉన్నాడు. చుట్టూ హారన్లు, కండక్టర్ విజిల్, ఎవరిదో చంటిబిడ్డ ఏడుపు. తర్వాత ఫోన్ చెయ్యమనొచ్చు. కాని మా అన్న సాయం అడిగితే కాదనే మనిషి కాదు. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

"అన్నా, ఫైలు తెరిచినాను. నిల్వతో వచ్చిన కాగితంలో ఉండే రెండు లైన్లూ ఇందులో ఉండాయి. రెండిటికీ ముందర గళ్ల గుర్తు ఉండాది, చిన్న ముగ్గు మాదిరి."

"ఆ గుర్తుంటే లైను నిద్రపోతా ఉండాదని అర్థంరా. మొదటి దాని గుర్తు తీసెయ్. లేస్తుంది."

"తీసినాను. లేచిందా?"

"ఉండ్రా, తొందర ఏంటికి! ఫైల్ సేవ్ చెయ్యాల గదా."

"చేసినాను. అన్నా, రెండో లైను వేగం అంట. దానికి ఎంత వెయ్యాల?"

బస్సు ఎక్కడో గుంతలో పడింది. ఆయన మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "...సేవ్ చేసినావు గదా... సరి, అయితే మూడు."

"మూడా?"

"మూడురా."

"కాగితంలో రెండని ఉండాది. రెండు చాలదా?"

"రెండేందిరా! ఉండేది ఒకే ఫైలు. మూడు!"

ఒకటి ఉంటే మూడు వెయ్యాలని నేనెక్కడా చదవలేదు. కాని కంప్యూటర్ల లెక్క వేరే ఉంటుందేమో. ఎందుకైనా మంచిదని ఇంకోసారి అడిగాను. జాగ్రత్త నా రక్తంలో ఉంది.

"గట్టిగా మూడేనా అన్నా?"

"గట్టిగా ఏంటికిరా, మెల్లంగా మూడు! బస్సు నిలిచింది, దిగతా ఉండాను."

ఫోన్ ఆగిపోయింది. అరవం తెలిసినవాళ్లు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. తెలియనివాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టండి. నేను మాత్రం రెండో లైను ముందున్న గుర్తు కూడా తీసేసి, అక్కడున్న రెండు అంకె చెరిపి, అన్న చెప్పినట్టే మెల్లంగా, కోడిగుడ్డు మీద వేలు పెట్టినట్టు, మూడు నొక్కాను.

బోర్డును ఆపి మళ్లీ వేస్తే నిల్వ కనబడింది! ఇంటికి కొత్త అల్లుడు వచ్చినట్టు తెర మీద దర్జాగా కూర్చుంది. ముగ్గులన్నిటినీ కార్డులోంచి నిల్వలోకి పంపాను. కాపీ చెయ్యలేదు. దయచేసి ఈ మాట గమనించండి. ఒకే సరుకును రెండు చోట్ల చూపించడం లెక్కల్లో తప్పు, అది నా సిద్ధాంతం. అందుకని కత్తిరించి అతికించాను. కార్డులో తీసివేత, నిల్వలో కూడిక. ఎంత వేగంగా పోయాయనుకున్నారు! నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చేలోపు అయిపోయింది.

తర్వాత సరిచూశాను. అవును, సరిచూశాను. నేను గుడ్డిగా నమ్మే రకం కాదు. నిల్వలో ఎన్ని ఫైళ్లున్నాయి? నాలుగు వందల పన్నెండు. నోటుబుక్కులో ఎన్ని? నాలుగు వందల పన్నెండు. పేర్లు, తేదీలు వరుసగా ఉన్నాయి. ఒక్కటైనా తెరిచి చూశానా? చూడలేదు. ముప్పై ఏళ్లుగా గుడ్డ బేళ్లు లెక్కపెట్టి సంతకం పెడుతున్నవాణ్ని. ప్రతి బేలూ విప్పి పోగు పోగూ చూస్తూ కూర్చుంటానా?

అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఉత్సాహంలో ఖాళీ అయిన కార్డును శుభ్రంగా తుడిచి, జానకి ఫోన్లో వేసి, ఆమెకిష్టమైన సీరియల్ దాని నిండా ఎక్కించి కానుకగా ఇచ్చాను.

"ఏంటికండి ఇదంతా?" అంది, మురిసిపోతూ.

"రేపు నీ రోజు," అన్నాను.

ఆదివారం నాలుగయ్యేసరికి తొమ్మిదిమంది ఆడవాళ్లు మా ముందుగదిలో కూర్చున్నారు. మనిషికి నాలుగు వడలు, మొత్తం ముప్పై ఆరు. సుబ్బుతాయక్క టీవీకి ఎదురుగా, జడ్జి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను.

"మొత్తం నాలుగొందల పన్నెండు ముగ్గులు. ఒక్కటి కూడా పోలేదు. ముందర ఐప్పసి నెలది చూస్తాం."

నొక్కాను. రెప్పపాటులో వచ్చింది. పైన బెత్తెడు మేర మా వాకిలి గడప కనిపించింది. దాని కింద అంతా బూడిదరంగు. గోడకు సిమెంటు పూసినట్టు, ఒక్క చుక్క లేదు, ఒక్క గీత లేదు.

"ఇది ఏదో ఒకటి పాడయినట్టు ఉండాది," అంటూ పక్కది నొక్కాను. బూడిద. దాని పక్కది. బూడిద. ఆపై ఇరవై మూడు నొక్కాను. ఇరవై మూడూ బూడిదే. వేగానికి మాత్రం వంక పెట్టలేం. అంత చురుగ్గా బూడిదను చూపించే యంత్రం రాజపాళయంలో ఇంకొకటి ఉండదు.

సుబ్బుతాయక్క నెమ్మదిగా లేచి నిలబడింది.

"జానకీ, నువ్వు ఒకే ముగ్గు రెండు తూర్లు వేసినావని చెప్తిని. తప్పు నాదేనమ్మా. రెండు తూర్లు కాదు. నాలుగొందల పన్నెండు తూర్లు వేసినావు!"

తొమ్మిదిమందీ ఒక్కసారి నవ్విన నవ్వుకు మా గోడ గడియారం కదిలింది. జానకి నవ్వలేదు. ఆమె ముఖం ముగ్గుపిండి రంగుకు వచ్చింది. పద్నాలుగు నెలలు ఒకటి మళ్లీ వెయ్యకుండా వేసిన మనిషి ఆమె. దానికి రుజువు మొత్తం నా చేతిలో పెట్టింది.

నన్ను నేను కాపాడుకోవాలిగా. "ఉండండి, ఉండండి! నోటుబుక్కు ఉండాది. చుక్కల లెక్క అంతా రాసినాను," అని పరుగెత్తి తెచ్చాను. "ఐప్పసి నెలది: సందు చుక్కలు, పదిహేను నుంచి ఎనిమిది వరకు. మొత్తం నూట అరవై తొమ్మిది."

"శుక్రవారందో?" అడిగింది సుబ్బుతాయక్క.

పేజీ తిప్పాను. నోటుబుక్కు మూసెయ్యాలనిపించింది. అయినా లెక్కలో అబద్ధం చెప్పడం నాకు రాదు.

"సందు చుక్కలు... పదిహేను నుంచి ఎనిమిది వరకు..."

"మొత్తం?"

"నూట అరవై తొమ్మిది."

"విన్నారా అమ్మా!" అంది సుబ్బుతాయక్క అందరి వైపు తిరిగి. "తమ్ముడు ధర్మరాజు! సొంత పెండ్లానికి ఎదురుగా సాక్ష్యం చెప్పినాడు!"

"చుక్కలు ఒకటే అయితే ముగ్గు ఒకటే అవుతుందా అక్కా?" అంది జానకి సన్నని గొంతుతో. "గీతలు వేరే గదా."

"గీతలు ఏవి? చూపించు."

జానకి నా వైపు తిరిగింది. "ఏమండి, పాత కార్డులో ఉండవా?"

"దాన్ని తుడిచేసినాను."

"తుడిచి?"

"నీ సీరియల్ ఎక్కించినాను."

ఆమె వడల గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

అందరూ వెళ్లాక పెరుమాళ్లన్నకు ఫోన్ చేశాను. ఈసారి ఇంట్లో ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను.

"వేగం లైను నిన్నెవరు ముట్టమన్నారురా? ఆ నిల్వ తట్టుకునే వేగం రెండు. మూడు పెడితే కనబడుతుంది, పరుగెత్తుతుంది, దార్లో సరుకంతా పారబోస్తుంది."

"నువ్వే గదా మూడు అని చెప్పినావు! నాలుగు తూర్లు చెప్పినావు!"

"నేను ఏంటికి చెప్తాను? నేను ఫైల్ మూడమంటిని!"

"అదే, ఫైల్లో మూడు..."

"రేయ్! మూడు, మూడు! తలుపు మూడు, పెట్టె మూడు! అరవంలో చెప్తిని!"

అప్పుడు తెలిసింది నాకు. అరవంలో "మూడు" అంటే మూసెయ్యి. సేవ్ చేశావుగా, ఇక ఫైలు మూసెయ్యి అంటున్నాడాయన. మా ఇళ్లలో తెలుగూ అరవమూ ఒకే గిన్నెలో కలుపుకుని తినడమే అలవాటు. పుట్టినప్పటినుంచీ రెండూ వచ్చు నాకు. అయినా ఆ మాట నా చెవిలో పడగానే అంకె అయిపోయింది. ఇంకెవరి చెవిలోనైనా తలుపు మూసుకునేది. లెక్కపెట్టే జబ్బు ఉన్నవాడికి మూడంటే మూడే.

"మూసెయ్యి అనరాదా అన్నా? మనది తెలుగే గదా!"

"నోరు మూడురా!" అన్నాడు. ఈసారి ఎన్ని అని నేను అడగలేదు.

వంటింట్లోకి వెళ్లి జానకికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మెల్లంగా మూడు" దగ్గరికి వచ్చేసరికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని గాబరాపడ్డాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "మెల్లంగా నొక్కినారా?" అంది. "మెల్లంగానే నొక్కినాను," అన్నాను. అంతే, గ్యాసు పొయ్యి పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వి, ముఖం తుడుచుకుని, తీర్పు చెప్పింది.

"చుక్కలు మీ నోటుబుక్కులో ఉండాయి. గీతలు నా చేతిలో ఉండాయి. నా చెయ్యి ఏదీ మరిచిపోలేదు. నేను చెప్తాను, మీరు వెయ్యండి. పోగొట్టింది మీరు గదా."

"నేనా? వాకిట్లోనా?"

"వాకిలి నాది. పక్కన కాలవగట్టు చోటు మీకు ఇస్తాను. ప్రతి ఆదివారం ఒకటి. బాగుండాదో లేదో సుబ్బుతాయక్క చెప్తుంది."

మొదటి ఆదివారం వేసింది ఆ ఐప్పసి ముగ్గే. నూట అరవై తొమ్మిది చుక్కలు దారం పట్టినట్టు పెట్టాను. చుక్కల్లో నన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. గీతల దగ్గరే నా పిండి మగ్గం మీద తెగిన పోగులా దారి తప్పింది. జానకి కాఫీ తాగుతూ అరుగు మీంచి చెప్పింది: "అక్కడ లోపలికి తిప్పండి. లోపలికి! అది బయట." పక్కనే ఆమె, తన పట్టుదలను ఆ ఒక్కరోజుకు పక్కనపెట్టి, శుక్రవారం ముగ్గు మళ్లీ వేసి చూపించింది. ఒకదానిలో తామరలు లోపలికి చూస్తున్నాయి, ఇంకోదానిలో బయటికి. చుట్టు ఒకదానిలో తెగకుండా ఒకే గీత, ఇంకోదానిలో మూడు.

పొద్దుటి షిఫ్టుకు మిల్లుకు పోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూశారు. షేర్ ఆటో ఒకటి జనంతో సహా నిలిచిపోయింది. సుబ్బుతాయక్క రెండిటి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"సరి జానకీ. రెండూ వేరే. నేను ఒప్పుకున్నాను. నీ చెయ్యి చెయ్యే." ఆమె జానకి భుజం తట్టింది. జానకి ముఖంలో అప్పుడు వచ్చిన వెలుగు చూస్తే నాకు కాలవగట్టు మీదే గంతులెయ్యాలనిపించింది. అప్పుడు సుబ్బుతాయక్క నా వైపు తిరిగింది. "అయితే తమ్ముడూ, ఇది తామర కాదు. వానలో నానిన జాంగిరీ. ఇది లెక్కలోకి రాదు. మళ్లీ వెయ్యాల."

అలా మొదలైంది. ఇప్పుడు ఆదివారం పొద్దున మా కాలవగట్టు దగ్గర చిన్న తిరునాళ్ల నడుస్తుంది. సుబ్బుతాయక్క కుర్చీ తెచ్చుకుంటుంది. ఆమె జానకితో మాట పట్టింపులు మానేసి చాలాకాలమైంది. నన్ను తప్పుపట్టడంలో ఇద్దరూ ఒకటైపోయారు. కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకు "కణక్కు మామ వేసినట్టు వెయ్యకూడదు" అని నన్ను చూపించి పాఠం చెబుతారు.

కాబట్టి చదువరులారా, కుడిచేతిలో ముగ్గుపిండి పట్టుకుని, తూర్పు వైపు తిరిగి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ఊపిరి ఉన్నంతవరకు ఏ బోర్డు నెత్తినా ఏ నిల్వనూ ఎక్కించను. ఎక్కించినా లోపలున్నది కళ్లారా చూడకుండా పాత కార్డును తుడవను. తుడిచినా అందులో సీరియల్ మాత్రం ఎక్కించను.

ఇక ఇవాళ్టి లెక్క. ఇప్పటికి తొంభై ఆరు ఆదివారాలు, తొంభై ఆరు ముగ్గులు. సుబ్బుతాయక్క కొట్టేసినవి ముప్పై ఒకటి, ఒప్పుకున్నవి అరవై ఐదు. ఈ వేగంతో పోతే మిగిలినవి తీరడానికి ఇంకా ఐదు వందల పదమూడు ఆదివారాలు, అంటే దాదాపు పదేళ్లు. మా ఆవిడకు నేను ఈ రోజు వరకు బాకీ ఉన్న ముగ్గులు: మూడు వందల నలభై ఏడు.